ఎలా ఉన్న గేటు అలాగే

హిల్మర్ కీసెల్ తన డెబ్బై మూడేళ్లలో టెక్సస్ దాటింది ఒక్కసారే, అదీ సైన్యం వాళ్లు పట్టుకుపోతే. తిరిగొచ్చాక మళ్లీ రెండు రాత్రులు వరసగా వేరే చోట పడుకున్న పాపాన పోలేదు. పుట్టిన గదిలోనే నిద్ర, తాత కొన్న బల్ల మీదే తిండి. ఊళ్లో ఎవరైనా సముద్రం చూడ్డానికి పోదాం రమ్మంటే "మా తొట్టిలో నీళ్లున్నాయిగా" అనేవాడు. మొండివాడు. మా వైపు మొండితనం లేనివాడు రాంచ్ నిలబెట్టుకున్న దాఖలా లేదు కాబట్టి దాన్ని ఎవరూ తప్పుగా చెప్పుకోరు.

కీసెల్‌ల రాంచ్ రెండు ముక్కలు. ముందు బీడులో ఇల్లు, ఇంటికి కనబడనంత దూరంలో ఓక్ చెట్ల గుంపు వెనక గాలిమర, దాని కింద ఎంత ఎండాకాలమైనా ఎండని సిమెంటు తొట్టి. వెనక బీడులో రాళ్లు, నాగజెముడు పొదలు, వాన పడ్డ ఏడు మాత్రమే పారే వాగు. రెండింటి మధ్య హిల్మర్ తన చేతులతో కట్టిన కంచె. మేకలు పెంచిన రోజుల నాటి ఉక్కు వల, సీడార్ గుంజలు. నీళ్లు పోస్తే ఆగని కంచె మేకనేం ఆపుతుందని మా వైపు సామెత. హిల్మర్ కంచెలో నిజంగానే నీళ్లు పోసి చూడొచ్చు. ఆ కంచెకు మధ్యలో ఒక ఇనుప గేటు, ఇంటికి మైలు దూరంలో, ఇంటి నుంచి రోడ్డుకు పోయే మట్టిదారి పక్కనే. రోజూ కళ్ల ముందు ఉండే గేటు.

గేట్ల విషయంలో మా వాళ్లకు ఒకటే నీతి. తీసి ఉంటే తీసి ఉంచు, మూసి ఉంటే మూసి పో. చిన్నప్పుడు ఒకసారి హిల్మర్ ట్రక్కులోంచి దిగి, తీసి ఉన్న గేటు చూసి, మంచిపని చేస్తున్నాననుకుని మూశాడు. తండ్రి రైన్‌హార్డ్ అప్పుడేమీ అనలేదు. ఇంటికొచ్చి భోజనాలయ్యాక అడిగాడు.

"ఆ గేటు నువ్వు తీశావురా?"

"లేదు నాన్నా."

"మరెందుకు మూశావ్? తీసినవాడికో కారణం ఉంటుంది. మూసినవాడికో కారణం ఉంటుంది. నీకు తెలియని కారణం జోలికి నువ్వు పోకు. లే, నడిచిపోయి తీసిరా."

మిట్టమధ్యాహ్నం మైలు దూరం నడిచిపోయి తీసి, మళ్లీ నడిచొచ్చాడు. అంతే, ఆ పాఠం ఎముకల్లో దిగిపోయింది. పెళ్లయిన మొదటి వారంలోనే ఎర్నాకు అదే పాఠం చెప్పాడు. ఎర్నా ఊళ్లో రొట్టెల దుకాణం వాళ్లమ్మాయి, గేటనేది లోపలికి పోవడానికే తప్ప ఆలోచించడానికి కాదనుకునే మనిషి. అయినా నేర్చుకుంది. తర్వాత తర్వాత ఆవిడే కొత్తవాళ్లకు నేర్పేది. వాళ్లకు పిల్లలు కలగలేదు. అందుకని కొత్తవాళ్లంటే చుట్టాలు, వేటగాళ్లు.

ఇప్పుడు మా వైపు రాంచ్‌లు గడ్డి మీద కాదు, జింక మీద బతుకుతున్నాయి. హిల్మర్ బీడుకు ఏటా హ్యూస్టన్ వైపు నుంచి లమార్ ప్రూయిట్ వచ్చేవాడు. ఇళ్లకు పలకలు పరిచే మేస్త్రీ. చలికాలం వేటకు కౌలు కట్టి, వెనక బీడులో మంచె వేసుకుని, మొక్కజొన్న గింజలు వేళకు చల్లే పీపా ఒకటి కట్టుకున్నాడు. మర్యాదస్తుడు. కొట్టిన జింకలో సగం హిల్మర్ ఇంటికొచ్చేది. ఎర్నా పంది మాంసం కలిపి సాసేజ్ చేసేది. అతనికి వెనక రోడ్డు వైపు వేరే గేటుంది, తాళం చెవి అతని దగ్గరే. వచ్చిందీ పోయిందీ ఇంట్లోవాళ్లకు తెలియను కూడా తెలియదు.

జింకలంటే హిల్మర్‌కు కోపమేం లేదు గానీ, వాటిని చూస్తే ఒళ్లు మండేది. వాన లేక రెండేళ్లు. ఆవులు ఎముకల గూళ్లయ్యాయి. జింకలకేమో పొద్దున్నా సాయంత్రమూ గింజలు రాలిపడేవి. "గవర్నరు గారి కూతుళ్లు" అనేవాడు వాటిని. అయిదడుగుల కంచెను ఒక్క గెంతులో దాటి, తొట్టిలో నీళ్లు తాగి, తోక పైకెత్తి పోయేవి.

ఇక ఆవుల సంగతి చెప్పాలి. అసలు ప్రాణం అక్కడుంది.

రైన్‌హార్డ్ పోయాక రాంచ్ ఇద్దరిదయింది. హిల్మర్, అతని అక్క ఆల్వీనా. ఆల్వీనా ఊళ్లో ఉంటుంది, అమ్మేద్దామని మొదటి నుంచీ అంటుంది. తండ్రి సమాధి దగ్గర నుంచి వచ్చి, చర్చి హాల్లో బంగాళాదుంపల కూర తింటూ, నలుగురి ముందూ ఒక మాట ఇచ్చింది.

"ఒరేయ్ హిల్మర్, నాన్న ముద్ర ఉన్న ఆవు ఒక్కటి ఆ నేల మీద మేస్తున్నంత కాలం అమ్ముదామని నేను నోరెత్తను. ఆ తర్వాత మాత్రం నా నోరు నువ్వు మూయొద్దు."

ఎర్ర ఒళ్లు, తెల్ల మొహం, ఎడమ తుంటి మీద కీసెల్‌ల ముద్ర. ఆ ఆవులే హిల్మర్ పట్టా. అవి ఉంటే రాంచ్ ఉంది, అవి పోతే లేదు. కరువులో చుట్టుపక్కల వాళ్లంతా సంతకు తోలేసుకుని కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటే, హిల్మర్ ముసలివాటిని, దూడలను వదిలించుకుని డజను పైచిలుకు మాత్రం పట్టుకుని వేలాడాడు. మేత లేదు. వెనక బీడు నిండా నాగజెముడుంది. గ్యాస్ సిలిండరు వీపున తగిలించుకుని, పొడుగాటి గొట్టం చివర మంటతో ఆవులు తినేలా ఆ అట్టల మీది ముళ్లు కాల్చేవాడు. గొట్టం మంట బుస్సుమనగానే ఆవులు ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవి. ముందు బెర్తా వచ్చేది. మందకు పెద్ద, కొమ్ము వంకర. పొగలోనే మూతి పెట్టేసేది.

"ఆగవే, మూతి కాలుతుంది! నీ తొందర తగలెయ్య" అని తిట్టేవాడు. ఇంట్లో ఎర్నాతో రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి, బెర్తాతో గంటలు మాట్లాడేవాడు.

ఎర్నాతో ఎందుకు మాట్లాడడంటే, ఆ వసంతంలో ఆవిడ కూడా అమ్మేద్దామంది. అక్కకు వత్తాసు పలికిందని అతని బాధ. ఆవిడ బాధ వేరు. పొగకు దగ్గుతూ, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే మొగుణ్ణి రోజూ చూస్తున్నది ఆవిడ.

"చర్చి పక్కన చిన్న ఇల్లు చాలు హిల్మర్. నువ్వు ఏదో ఒకరోజు ఆ ముళ్లపొదల్లో పడిపోతావ్. నేను సాయంత్రం దాకా వెతుక్కోవాలి."

"పడితే అక్కడే పాతెయ్. ఖర్చు కలిసొస్తుంది."

ఆ మాటతో ఆవిడ నోరు కట్టుకుంది. అప్పట్నుంచి వాళ్లింట్లో వాన గురించి మాట్లాడుకున్నారు, పాదిరి గారి ప్రసంగం గురించి మాట్లాడుకున్నారు. ఆవుల గురించి, కంచె గురించి, బీడు గురించి ఒక్క మాట లేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే ఇద్దరు మనుషుల మధ్య ఒక విషయం అలా చచ్చి పడుంటే, దాని వాసన మిగతా మాటలకీ పడుతుంది. నోరు విప్పి పోట్లాడుకునే మొగుడూపెళ్లాలు నయం.

ఆగస్టులో అతని కంట్లో పొర తీయించింది ఎర్నా. పోట్లాడి మరీ తీసుకెళ్లింది. వారం దాకా పొగ తగలకూడదు, దుమ్ములోకి పోకూడదు, వంగకూడదు అన్నాడు డాక్టరు. హిల్మర్ ముందుగానే లెక్క చూసుకున్నాడు. ఆపరేషనుకు ముందు రెండు రోజులు పొద్దు వాలేదాకా ముళ్లు కాల్చి, ఆవులు వారం పాటు ఎంతో కొంత నమిలేలా చేశాడు. ఇక నీళ్లు. వెనక బీడు వాగు ఎప్పుడో ఎండిపోయింది. నీళ్లు కావాలంటే ఆ గేటు దాటి ముందు బీడులో తొట్టి దగ్గరకు రావాలి. వేసవంతా ఆ గేటు బార్లా తీసే ఉంది. ఆవులు వాటంతటవే వచ్చి తాగి, పోయేవి.

సోమవారం ఆపరేషనయింది. మంగళవారం మధ్యాహ్నం హిల్మర్ మందు చుక్కలు వేసుకుని పడుకున్నాడు. ఎర్నా చర్చి వంటింట్లో పనుండి ట్రక్కు తీసుకుని వెళ్లింది. వెళ్లేటప్పుడు గేటు తీసే ఉంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పటికి మూసి ఉంది. ఆవిడ ట్రక్కు ఒక్క క్షణం ఆపింది.

"చూశావా ఈ ముసలోణ్ణి! వద్దన్న పని చేశాడు" అనుకుంది. డాక్టరు వద్దన్నా, తను ఇంట్లో లేకుండా చూసి, లేచొచ్చి ఆవుల్ని ముందు బీడులోకి తోలి గేటు మూసుకున్నాడని ఆవిడ లెక్క. ఇంటికెళ్లి చూస్తే పిల్లిలా పడుకుని ఉన్నాడు. గుమ్మంలో బూట్లకు దుమ్ముంది. ఆ బూట్లకు దుమ్ము లేని రోజెప్పుడుంది? కానీ ఆవిడకు ఆ సాక్ష్యం చాలింది. అడిగితే ఆవుల మాట వస్తుంది. ఆవుల మాట వస్తే అమ్మకం మాట వస్తుంది. కంటికి కుట్టున్న మనిషితో గొడవ దేనికని ఊరుకుంది.

బుధవారం పొద్దున్నే కన్ను చూపించుకోవడానికి ఇద్దరూ కలిసి బయల్దేరారు. ఎర్నా నడుపుతోంది. మట్టిదారి మలుపు తిరగ్గానే హిల్మర్‌కు గేటు కనిపించింది. మూసి ఉంది. గొలుసు కూడా శుభ్రంగా చుట్టి ఉంది, అవతల ఆవు ఒక్కటీ లేదు.

నిన్న తను పడుకున్నప్పుడు ఎర్నా బయటికి పోయిందని అతనికి తెలుసు. అంటే ఈవిడే! అమ్మేద్దాం అమ్మేద్దాం అని నస పెట్టిన ఈవిడే, తనకు తెలియకుండా ఆవుల్ని నీళ్లున్న వైపు తోలి, మళ్లీ ఎండలో అంత దూరం తిరక్కుండా గేటు వేసింది. కొట్లో మిగిలిన ఎండుగడ్డి కూడా వేసే ఉంటుంది. ఎన్ని నెలలయింది ఈవిడ తన ఆవుల వైపు చూసి! అడిగితే 'ఆఁ, ఏదోలే' అని కొట్టిపారేస్తుంది, ఉన్న కాస్త ఆపేక్షా చెదిరిపోతుంది. మూసినవాళ్లకో కారణం ఉంటుంది. ఆ కారణం తన మీద ప్రేమేనని మొదటిసారి అనిపిస్తే, దాన్ని వేలితో కదిపి చూసుకునే మనిషి కాదతను.

ఒకే ట్రక్కులో, ఒకే సీటులో, భుజం పక్కన భుజం. ఇద్దరూ ఆ గేటును చూశారు. ఇద్దరూ తల తిప్పుకున్నారు. ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు వాళ్లిద్దరినీ పట్టుకుని కుదిపేయాలనిపిస్తుంది.

ఆ రాత్రి భోజనమయ్యాక హిల్మర్ లేచి గిన్నెలు తుడిచాడు. ఎర్నా గుడ్లప్పగించి చూసింది.

"ఏంటి, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. కాఫీ బాగుందివాళ."

"రోజూ పెట్టేదేగా."

"ఇవాళ బాగుంది."

తప్పు చేసిన పిల్లాడు అమ్మకు వెన్న రాసినట్టు రాస్తున్నాడు, దొంగతనంగా బయటికి పోయొచ్చిన సంగతి కప్పిపుచ్చుకోవడానికే ఇదంతా అనుకుని ఆవిడ లోలోపల నవ్వుకుంది. కోపం కూడా పోయింది. రెండ్రోజుల పాటు ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరితో ఒకరు ఎంతో మెత్తగా ఉన్నారు. ఏళ్ల తరబడి లేని మెత్తదనం. శుక్రవారం ఆవిడ అతని కోసం పీచ్ పళ్ల పిండివంట చేసింది.

ఆవులు అరవలేదా అంటారా? అరిచాయి. వేసవంతా అరుస్తూనే ఉన్నాయి, ఆకలికి. కిటికీలు బిగించుకుని, ఏసీ గీపెడుతుంటే, మైలు దూరం నుంచి వచ్చే అరుపు ఏ బాధదో ఎవరికి తెలుస్తుంది? గురువారం రాత్రి బాగా వినిపించింది. శుక్రవారం పలచబడింది. శనివారం ఏమీ లేదు. "కడుపు నిండినట్టుంది" అనుకుని హిల్మర్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం చర్చికి తనూ వస్తానన్నాడు. తెల్ల చొక్కా వేసుకుని, నల్ల కళ్లద్దాలు చేతిలో పట్టుకుని ట్రక్కెక్కాడు. కొత్త కంటితో లోకం చూసి మురిసిపోతున్నాడు.

"ఎర్నా, ఆ కొండ మీద సీడార్ చెట్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయ్. ఇదివరకు గొంగళి పరిచినట్టుండేది."

"నే చెప్పానా? రెండేళ్ల కిందట తీయించుకోమంటే విన్నావా?"

"అరె, అదిగో ఆ పక్షులు చూడు! రెక్కల చివర వేళ్లలా చీలి ఉన్నాయి, అవి కూడా కనిపిస్తున్నాయి. ఒకటి, రెండు, మూడు..."

లెక్కపెడుతున్నవాడల్లా ఆగాడు. ఎర్నా అప్పటికే ట్రక్కు నెమ్మది చేసింది. రాబందులు వెనక బీడు మీద తిరుగుతున్నాయి. గేటు మీద రెండు కూర్చుని ఉన్నాయి.

బెర్తా గేటుకు ఆనుకుని పడి ఉంది. తల కడ్డీల మధ్య ఇరుక్కుని, వంకర కొమ్ము గొలుసుకు తగులుకుని. దాని వెనక మిగతావి కంచె పొడుగునా. కంచె ఒక్కచోట కూడా వంగలేదు. ఉక్కు వల మీద వెంట్రుకలు, నెత్తురు. అవి కుమ్మినంత సేపు కుమ్మాయి. కట్టినవాడు అలా కట్టాడు మరి. కంచే చేను మేసిందని అంటారు. హిల్మర్ కంచె ఏమీ మేయలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

ఆరేడు ఇంకా నిలబడే ఉన్నాయి, కళ్లు లోపలికి పోయి, నాలుకలు నల్లబడి. హిల్మర్ గొలుసు లాగాడు. బెర్తా శవం అడ్డం. ఆదివారం బట్టలతో ముసలాడూ ముసలిదీ ఆ శవాన్ని తోసి సందు చేశారు. బతికున్నవి వాళ్ల మీద నుంచే తొట్టి వైపు పరుగెత్తాయి.

"ఆపు! ఎర్నా, ఆపు వాటిని! ఒక్కసారిగా తాగితే చస్తాయి!"

ఆవిడ చేతిసంచీ ఊపుతూ అడ్డం పరుగెత్తింది. ఎవరాపుతారు? తొట్టి అంచుదాకా నీళ్లు నిండి, ఆకాశం కనబడుతోంది అందులో. చుట్టూ మెత్తటి మట్టిలో జింకల గిట్టల గుర్తులు, రాత్రివే, తాజాగా. ఆవులు మెడల దాకా ముంచి తాగాయి. తాగి, రెండడుగులు వెనక్కి వేసి, కాళ్లు వణికి, అక్కడే కూలాయి. మధ్యాహ్నానికి మూడు మిగిలాయి.

హిల్మర్ తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. తెల్ల చొక్కా నిండా బురద.

"ఎందుకు మూశావ్ ఎర్నా?"

"నేనా?" ఆవిడ గొంతు కీచుగా వచ్చింది. "నేనెందుకు మూస్తాను? నువ్వు కాదూ? మంగళవారం నేను వచ్చేసరికి మూసుంది. నువ్వే లేచొచ్చావనుకున్నా."

"నేను మంచం దిగలేదు."

"మరి బుధవారం చూశావుగా? అడగొచ్చుగా?"

"నువ్వు కూడా చూశావుగా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎర్నా ఏడవడం మొదలుపెట్టింది. అతను లేచి ఆవిడ దగ్గరికి పోలేదు.

మూసిందెవరో రెండు రోజుల తర్వాత తెలిసింది. లమార్ ప్రూయిట్ ఫోను చేస్తే ఎర్నా సంగతి చెప్పింది. ఆ సాయంత్రానికే అతను వాకిట్లో ఉన్నాడు. కొత్తగా వచ్చిన అల్లుణ్ణి మంచె చూపిద్దామని మంగళవారం తీసుకొచ్చాడట. తను పీపాలో గింజలు నింపుతుంటే అల్లుడు చుట్టూ తిరిగొస్తానని పోయాడు. వాళ్ల తాతది కూడా రాంచే. గేటు కనిపిస్తే మూయమని వాళ్ల వైపు నేర్పుతారు. బార్లా తీసి ఉన్న గేటును ఎవరో మరిచిపోయారని, మంచిపని చేద్దామని మూశాడు. గొలుసు కూడా చుట్టాడు.

"వాణ్ణి కూడా తీసుకొచ్చాను హిల్మర్ గారూ. కార్లో ఉన్నాడు. దిగడానికి మొహం చెల్లక... ఏమంటారో అనండి. మీరు తిట్టండి. కొట్టినా పడతాం." అంత పెద్ద మనిషి టోపీ చేతుల్లో నలుపుతూ ఏడ్చాడు.

హిల్మర్ కారు వైపు చూశాడు. లోపల ఓ కుర్రాడు తలొంచుకుని ఉన్నాడు.

"ఇంటికి తీసుకెళ్లు లమార్. ఆ అబ్బాయి మూసింది ఒక్కసారి. మేమిద్దరం చూసి కూడా వదిలేశాం. మా నాన్న చెప్పినట్టే."

ఆల్వీనా వచ్చింది, ఒక గిన్నె నిండా బంగాళాదుంపల కూర చేసుకుని. చావు జరిగిన ఇంటికి మా వాళ్లు తెచ్చేది అదే. ఆవిడ నోటికి భయపడని మనిషి ఊళ్లో లేడు, కానీ ఆ రోజు గట్టిగా మాట్లాడలేకపోయింది.

"మూడున్నాయి కదరా. నాన్న ముద్ర ఉన్న ఆవు ఒక్కటున్నా చాలన్నాను. నేను మాట తప్పను. నువ్వు ఉండు."

"లేవక్కా. పొద్దున్న సంతకు పంపేశా."

"ఎందుకురా? ఎందుకు పంపావు?" ఆవిడ గొంతు పగిలింది. గెలిచినదాని గొంతు కాదది.

"గేటు ముందు నిలబడితే చెయ్యి ఆడట్లేదక్కా. తీయాలో మూయాలో తెలియట్లేదు. నిన్న అరగంట నిలబడ్డాను. గేటు తీయడం రానివాడికి ఆవులెందుకు? అమ్మేయ్."

డెబ్బై మూడేళ్ల మొండితనం అంత తేలిగ్గా విరిగిపోతుందని మేమెవ్వరం అనుకోలేదు. ఎర్నా పక్క గదిలోంచి అంతా విన్నది. తను కోరుకున్నదే. చర్చి పక్కన చిన్న ఇల్లు. ఎన్నిసార్లు ప్రార్థనలో అడిగిందో ఆవిడకే తెలుసు. ఇప్పుడది కాళ్ల దగ్గరకొచ్చి పడితే, తన ప్రార్థనే ఆవుల్ని చంపిందేమోనని ఆవిడకు భయం పట్టుకుంది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. మూడు వారాల తర్వాత మా ఇంటావిడ దగ్గర మాత్రం, వంటింటి గుమ్మంలో, ఒక్కసారి అనేసి పోయింది.

రోడ్డు గేటు పక్కన బోర్డు వెలిసింది. జింకల వేటకు, పశువుల మేతకు అన్ని విధాలా అనువైన రాంచ్ అమ్మకానికి, అని. పశువుల మేతకట! అక్కడ మేయడానికి రాబందులకు కూడా ఏమీ మిగల్లేదు. వేట మాత్రం నిజమే. ఆ ఏడు జింకలు నున్నగా, కొమ్ములు కొమ్మలేసి, ఎన్నడూ లేనంతగా తిరిగాయి.

కొన్నది డల్లాస్ వైపు నుంచి వచ్చిన ఓ మనిషి. చుట్టూ ఎనిమిదడుగుల కంచె వేసి, పెద్ద కొమ్ముల జింకలను పెంచి వేటకిస్తాడట. మంచివాడే. హిల్మర్‌ను వెంటబెట్టుకుని బీడంతా తిరిగాడు. మధ్య కంచె దగ్గర ఆగి, ఉక్కు వల పట్టుకుని ఊపి చూశాడు.

"అబ్బ, ఏం కంచె సార్! ఇలాంటిది ఈ రోజుల్లో ఎవరు కడుతున్నారు? ఎవరు కట్టింది?"

"నేనే."

"దీన్ని మాత్రం తీయించను. దీంట్లోంచి ఏదీ పోలేదు."

"పోలేదు" అన్నాడు హిల్మర్.

అక్టోబరులో వాన పడింది. రెండేళ్ల బాకీ అంతా ఒక్క వారంలో తీర్చినట్టు పడింది. వాగు పారింది. వెనక బీడులో, ఎముకల మధ్య నుంచి, మోకాలెత్తు గడ్డి లేచింది. ఆ గడ్డిని చూడ్డానికి హిల్మర్ పోలేదు. వరండాలో కూర్చుని వాన చప్పుడు మాత్రం విన్నాడు. మధ్యలో ఒకసారి "ఇప్పుడా?" అన్నాడు, అంతే.

వెళ్లే రోజు సామాను లారీ ముందే పోయింది. ట్రక్కులో వాళ్లిద్దరే. హిల్మర్ నడుపుతున్నాడు. మధ్య గేటు పక్కనుంచి పోతున్నప్పుడు ఇద్దరూ అటు చూడలేదు. రోడ్డు గేటు దగ్గరకు వచ్చారు. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు దిగి గేటు తీయడం మా వైపు ఆచారం. ఎర్నా నడుం పట్టుకుని దిగి, గొలుసు విప్పి, గేటును వెనక్కి తోసింది. హిల్మర్ ట్రక్కును బయటికి పోనిచ్చి ఆపాడు. ఆవిడ ఎక్కుతుందని చూస్తే ఎక్కలేదు. అద్దంలో కనిపిస్తోంది. గేటు మీద చెయ్యేసి నిలబడి ఉంది.

అతను కిటికీ దించాడు.

"హిల్మర్" అంది ఆవిడ. "మూయమంటావా, ఇలాగే ఉంచమంటావా?"

ఇన్నేళ్ల కాపురంలో గేటు గురించి ఒకరినొకరు అడగడం అదే మొదటిసారి. హిల్మర్ స్టీరింగ్ మీద తల పెట్టుకుని, మొదట చప్పుడు లేకుండా, తర్వాత బావురుమని ఏడ్చాడు. ఎర్నా గేటు పట్టుకుని అలాగే నిలబడింది, అతను చెప్పేదాకా.